మలుపులో గెలిచే పడవ

రిమోటుతో నడిచే రేసు పడవ చేతికొచ్చిన కొన్నాళ్లకే ఎవరికైనా పుట్టే ప్రశ్న: దీన్ని ఇంకా వేగంగా పోయేట్టు చెయ్యడం ఎలా? దుకాణంలో అడిగినా, తోటి ఆటగాళ్లను అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. మోటారు మార్చండి, బ్యాటరీలో ఒక సెల్ పెంచండి, పెద్ద ప్రొపెల్లర్ వెయ్యండి. ఈ మూడూ చేస్తే తిన్నటి దారిలో వేగం పెరుగుతుంది, సందేహం లేదు. అయితే రేసు తిన్నటి దారిలోనే అయిపోదు. నీళ్లలో తేలే గుర్తుల చుట్టూ పడవ తిరిగి రావాలి. తిన్నగా పోతూ సంపాదించుకున్నదాన్ని మలుపు దగ్గర పారబోసుకునే పడవలే ఎక్కువ.

లెక్క వేసి చూద్దాం. వంద మీటర్ల తిన్నటి దారులు రెండు, వాటి కొసల్లో 12 మీటర్ల వ్యాసార్థంతో రెండు అర్ధవృత్తాలు అనుకోండి. పడవ తిన్నటి దారిలో గంటకు 80 కిలోమీటర్లు, మలుపులో 40 కిలోమీటర్లు పోతోంది. ఒక చుట్టులో తిన్నటి దారులకు 9 సెకన్లు, మలుపులకు దాదాపు 6.8 సెకన్లు పడుతుంది. అంటే 200 మీటర్లకు తొమ్మిది సెకన్లయితే, 75 మీటర్లకే ఏడు సెకన్ల దాకా ఖర్చవుతోంది. ఇప్పుడు తిన్నటి దారి వేగాన్ని 80 నుంచి 88కి పెంచితే చుట్టుకు 0.8 సెకను మిగులుతుంది. అదే 8 కిలోమీటర్లు మలుపులో పెంచి 40ని 48 చేస్తే 1.1 సెకను మిగులుతుంది. పైగా మలుపులోంచి 48తో బయటపడిన పడవ తన పూర్తి వేగాన్ని తొందరగా అందుకుంటుంది. ఆ లాభం ఈ లెక్కలో కలపలేదు. ఖర్చు చూస్తే తేడా ఇంకా పెద్దది. నీటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుందని స్థూలంగా అనుకున్నా, 10 శాతం అదనపు వేగానికి 33 శాతం అదనపు శక్తి కావాలి. మలుపు వేగానికి చాలాసార్లు కావలసింది ఒక ఉప్పుకాగితం, ఒక స్టీలు స్కేలు, బోలెడంత ఓపిక.

అందుకే నా మట్టుకు ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు పడవ అడుగు, తరవాత బరువు పెట్టే చోటు, ఆ తరవాత ప్రొపెల్లర్ ఇరుసును పట్టి ఉంచే స్ట్రట్, ఆపైన చుక్కాని, మలుపులో నీటిని పట్టుకునే నిలువు రేకు, అంటే ఫిన్. ఇవన్నీ కుదిరాక ప్రొపెల్లర్. మోటారు జోలికి పోవలసింది అన్నిటికన్నా ఆఖర్న. దీన్ని తిరగేసి మొదలుపెట్టినవాళ్లు మంచి మోటారును చెడ్డ అడుగుకు బిగించి, పడవ పల్టీ కొడితే గాలిని తిడతారు.

ఈ విద్యకు పుట్టినిల్లు పెద్ద పడవల రేసులు. రేడియోతో నడిచే పడవను నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చూపించాడు. ఆ నవంబరు 8న దానికి పేటెంటు కూడా దక్కింది. కానీ అది నీటిని చీల్చుకుంటూ మెల్లగా పోయే పడవ. నీటి మీదికి లేచి పరిగెత్తే ఒడుపు 1930ల్లో న్యూజెర్సీలోని వెంట్నార్ బోట్ వర్క్స్‌లో ఏపెల్ కుటుంబం కట్టిన పడవలతో గట్టిపడింది. ముందు చెరోపక్క ఒక్కో పాదం, వెనుక అడుగులో కొంచెం భాగం, ఈ మూడు చోట్ల తప్ప ఆ పడవ ఇంకెక్కడా నీటిని తాకదు. మాల్కం క్యాంప్‌బెల్ 1939లో బ్లూబర్డ్ కె4 అనే అలాంటి పడవతోనే గంటకు 228 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. 1950 జూన్ 26న సియాటిల్‌లోని వాషింగ్టన్ సరస్సులో స్లో-మో-షన్ 4 అనే పడవ దాన్ని ఒక్క దెబ్బకు 258 చేసింది. టెడ్ జోన్స్ గీసిన ఆ పడవలో వెనుక భాగాన్ని మోసింది ప్రొపెల్లరే. దాని రెక్కలు సగం నీళ్లలో, సగం గాలిలో తిరిగేవి. నీటిలో ఈడ్చుకుపోయే ఇరుసు, దాని బ్రాకెట్టు అన్నీ పైకి లేచిపోవడంతో నిరోధం ఒక్కసారిగా పడిపోయింది. ఇవాళ చెరువుల్లో తిరిగే మోడల్ రేసు పడవలు దాదాపు అన్నీ నడిచేది ఈ సగం మునిగిన ప్రొపెల్లర్ మీదే.

మరో శాఖ సముద్రం వైపు నుంచి వచ్చింది. రే హంట్ గీసిన లోతైన వీ-అడుగు పడవ ‘మాపీ’ 1960లో మయామీ నుంచి నాసౌ దాకా సాగే రేసును ఉప్పొంగే అలల మీద గెలిచింది. వెనుక కొస దాకా 24 డిగ్రీల వాలు ఉన్న ఆ అడుగు అలను గుద్దకుండా కోసుకుపోయింది. మూడో శాఖ, రెండు సన్నటి అడుగుల మధ్య గాలి సొరంగం ఉన్న పడవలు. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో జరిగిన ఎఫ్1హెచ్2ఓ పోటీలో తెలుగువాళ్లు ఒడ్డున నిలబడి చూసినవి ఇవే. ఆరు మీటర్ల పడవ గంటకు 200 కిలోమీటర్లు దాటి వస్తూ, పెద్దగా వాలకుండా, గుర్తును రాసుకుంటూ తిరగడం చూసినవాళ్లకు మలుపు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

మోడళ్లలోనూ ఈ మూడు తెగలే. వీ-అడుగు పడవ మలుపులో లోపలికి వాలి, తన అడుగు పక్కనే నీటికి ఆనించి తిరుగుతుంది. అలలను ఓర్చుకుంటుంది, తప్పుల్ని క్షమిస్తుంది. సొరంగం ఉన్న పడవ, అంటే క్యాటమరాన్, వాలకుండా పట్టాల మీద ఉన్నట్టు తిరుగుతుంది గాని, సొరంగంలోకి గాలి ఎక్కువైతే ముక్కు లేస్తుంది. రిగ్గర్ అని పిలిచే మూడు పాదాల పడవ అన్నిటికన్నా వేగంగా పోతుంది, అన్నిటికన్నా తక్కువ ఓర్చుకుంటుంది. మలుపులో దాని బరువంతా ఒక ఫిన్ మీద ఆధారపడి ఉంటుంది. కొత్తవాళ్లు వీ-అడుగుతో మొదలుపెట్టడమే మంచిది. అక్కడ ప్రతి సర్దుబాటు ఫలితమూ కంటికి కనబడుతుంది, పడవ మాత్రం బతికి ఒడ్డుకొస్తుంది.

ఇక అడుగు సంగతి. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే ఎక్కువమంది తక్కువగా పట్టించుకునేది దీన్నే.

చెరువులో పలక రాయి విసిరితే అది నీటిని తట్టి లేచినట్టే, వేగం అందుకున్న పడవ కూడా నీటి మీద ఆనుకుని జారుతుంది. అప్పుడు నీటిని తాకేది అడుగు వెనుక భాగం మాత్రమే. ముందు సగం ఎంత అందంగా ఉన్నా గాలిలోనే ఉంటుంది. కాబట్టి వెనుక పలక నుంచి ముందుకు మూడో వంతు పొడవు మేర అడుగు ఎలా ఉందన్నదే అసలు విషయం. అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ అయినా ప్లాస్టిక్ అయినా, చల్లారేటప్పుడు ఎక్కడో ఒకచోట ముడుచుకుంటుంది. పడవను తిరగేసి, స్టీలు స్కేలును దాని అంచు మీద నిలబెట్టి, అడుగుకు పొడవుగా ఆనించి, అవతలి నుంచి టార్చి వెయ్యండి. స్కేలు కింద సన్నటి వెలుగు గీత కనబడితే అక్కడ గుంట ఉంది. స్కేలు మధ్యలో ఆని రెండు కొసలా ఊగితే అక్కడ ఉబ్బు ఉంది. ఒక మిల్లీమీటరులో సగమే కదా అనుకోవద్దు. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆ సగం మిల్లీమీటరే పడవ నడకను శాసిస్తుంది.

గుంట ఉంటే దాని వెనుక కొస నీటివైపు వంగినట్టవుతుంది. వెనుక పలకకు బిగించి ఎప్పుడూ దించి ఉంచిన రేకులా, అంటే ట్రిమ్ ట్యాబ్‌లా అది వెనుక భాగాన్ని పైకెత్తి ముక్కును నీటికేసి నొక్కుతుంది. తిన్నటి దారిలో పడవ తడిసి ముద్దై బరువుగా పోతుంది. మలుపులో ముక్కు దిగబడి, ఆ దిగిన ముక్కే ఇరుసుగా వెనుక భాగం గిర్రున తిరుగుతుంది. ఉబ్బు ఉంటే దీనికి సరిగ్గా తలకిందులు. వంపు మీదుగా పోయే నీరు అడుగును కిందికి పీలుస్తుంది, వెనుక దిగి ముక్కు లేస్తుంది, లేచిన ముక్కు బరువుకు పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లకు పడవ గంతులేస్తూ పోతున్నట్టు కనిపిస్తుంది. ఈ గంతుల్ని బరువు ముందుకు జరిపి ఆపేవాళ్లే ఎక్కువ. అప్పుడు గంతులు ఆగినా వేగం చచ్చిపోతుంది, ఉబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

మందు రెండిటికీ ఒకటే. గుంటలో ఎపాక్సీ పుట్టీ నింపి, ఉబ్బును గీకి, చదునైన చెక్క దిమ్మెకు ఉప్పుకాగితం చుట్టి పొడవుగా రుద్దాలి. వేళ్లతో రుద్దితే వేళ్ల మధ్య సందుల ప్రకారం కొత్త గుంటలు పుడతాయి. తరవాత అంచులు. అచ్చులోంచి సులువుగా ఊడి రావాలని పడవ మూలలు గుండ్రంగా పోస్తారు. నీరు గుండ్రటి అంచును అంత తేలిగ్గా వదలదు. దాన్ని అంటుకుని వెనుక పలక మీదికి పాకి, పడవను వెనక్కు లాగుతుంది. వెనుక పలక చుట్టూ టేపు అంటించి గట్టులా కట్టి, ఎపాక్సీ పోసి, గట్టిపడ్డాక ఆకురాయితో చదరంగా తీస్తే నీరు అక్కడికక్కడ తెగిపోతుంది. అడుగు పొడవునా ఉండే మెట్ల అంచులకూ, పక్క గోడ అడుగును కలిసే మూలకూ ఇదే పని చెయ్యాలి. ఆ మూల పదునుగా ఉంటే మలుపులో నీటిని పట్టుకుంటుంది, గుండ్రంగా ఉంటే జారిపోతుంది.

మెరుగు పెట్టడం గురించి మాత్రం పాత తగవు ఒకటి ఉంది. అద్దంలా మెరవాలని కొందరు మైనం పూస్తారు. 600 నంబరు కాగితంతో కొంచెం మొద్దుబారిస్తే నీరు పట్టుకోదని ఇంకొందరు వాదిస్తారు. ఆ తేడా చిన్నది. వంకర అడుగుకు పెట్టిన మెరుపు కన్నా చదునైన అడుగు మీది మొద్దుదనం ఎప్పుడూ మేలు.

అడుగు తిన్నగా వచ్చాక బరువు. బ్యాటరీలతో సహా పడవను రెండు వేళ్ల మీద తూచి, ఎక్కడ సమంగా నిలుస్తుందో చూస్తారు. వీ-అడుగులో ఆ చోటు వెనుక పలక నుంచి మొత్తం పొడవులో 30 శాతం దగ్గర ఉంటే మంచి ఆరంభం. 75 సెంటీమీటర్ల పడవకు అది ఇరవై రెండున్నర సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. వెనక్కు జరిపితే ముక్కు తేలికై, తడిసే భాగం తగ్గి, వేగం పెరుగుతుంది. ముందుకు జరిపితే మలుపులో నిలకడ వస్తుంది. జరిపేది ఒక్కసారికి ఐదు మిల్లీమీటర్లకు మించకూడదు. వెనక్కు జరపడానికి ఉన్న హద్దు గాలి. ముక్కు ఒక కోణం దాటి లేచిందా, అడుగంతా రెక్కగా మారిపోతుంది, పడవ వెనక్కు పల్టీ కొడుతుంది. 1967 జనవరి 4న ఇంగ్లండులోని కోనిస్టన్ సరస్సులో మాల్కం కొడుకు డొనాల్డ్ క్యాంప్‌బెల్ ప్రాణం తీసింది ఇలాంటి ఎగిరిపాటే. బ్లూబర్డ్ కె7 గంటకు 480 కిలోమీటర్ల దరిదాపుల్లో ముక్కెత్తి నీటిని వదిలేసింది. మోడల్ పడవలో ప్రాణం పోదు, పడవ పోతుంది. అందుకే లోపల ఫోమ్ ముక్కలు పెట్టకుండా ఏ పడవనూ నీళ్లలో దించకూడదు.

పక్కల మధ్య బరువు సమంగా ఉండాలని పుస్తకాలు చెబుతాయి. ఒకే ప్రొపెల్లర్ ఉన్న పడవలో అది నిజం కాదు. మోడల్ పడవల్లో ఒంటి ప్రొపెల్లర్ ఎక్కువగా వెనుక నుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది. దానికి ఎదురుగా పడవ సవ్యదిశలో మెలితిరగబోతుంది, అంటే కుడి పక్క దిగుతుంది. నీళ్లలో ఉన్న రెక్క కుడికి తోస్తుంది కాబట్టి వెనుక భాగం ఎడమకు నడుస్తుంది, ముక్కు కుడికి పోతుంది. బ్యాటరీని కాస్త ఎడమకు జరపడం, కుడి ట్రిమ్ ట్యాబ్‌ను వెంట్రుకవాసి దించడం, స్ట్రట్‌ను కొద్దిగా పక్కకు బిగించడం, ఇవన్నీ ఆ మెలికకు విరుగుళ్లు. చుక్కానిని వంచి సరిపెట్టడం అన్నిటికన్నా చెడ్డ విరుగుడు, ఎందుకంటే వంగిన చుక్కాని దారి పొడవునా బ్రేకే. రెండు మోటార్ల క్యాటమరాన్‌లో రెండు ప్రొపెల్లర్లనూ ఎదురెదురు దిశల్లో తిప్పితే ఈ గొడవే ఉండదు.

స్ట్రట్‌కు రెండే కదలికలు, ఎత్తు, వాలు. అడుగుకు సమాంతరంగా బిగించి మొదలుపెట్టాలి. ఇరుసు వెనుక కొస కిందికి వాలితే తోపు ముందుకూ పైకీ పోతుంది, పడవ వెనుక లేచి ముక్కు కూర్చుంటుంది. కొస పైకి వాలితే వెనుక కూర్చుని ముక్కు లేస్తుంది. స్ట్రట్‌ను దించితే ప్రొపెల్లర్ లోతుకుపోయి వెనుక భాగాన్ని ఎత్తుతుంది, పట్టు పెరుగుతుంది, మోటారు మీద బరువూ పెరుగుతుంది. పైకెత్తితే నిరోధం తగ్గుతుంది గాని, మరీ ఎత్తితే మలుపులో ప్రొపెల్లర్ గాలి మింగి, మోటారు కీచుమంటుంది, పడవ మాత్రం కదలదు. చాలామంది ముక్కు లేస్తోందని ట్రిమ్ ట్యాబ్‌లు దించుతారు. ట్యాబ్ నీటిని అడ్డగించి పనిచేస్తుంది. స్ట్రట్ తోపును మళ్లించి పనిచేస్తుంది. అదే ఫలితానికి స్ట్రట్ దగ్గర చెల్లించే వెల తక్కువ. ట్యాబ్‌లను అడుగుకు సమంగా ఉంచి, స్ట్రట్‌తో కుదరని చిన్న లోటుకు మాత్రమే వాడుకోవాలి.

ఇప్పుడు మలుపులోకి వద్దాం. మోడల్ పడవల ఓవల్ రేసులు సవ్యదిశలో సాగుతాయి, అంటే అన్నీ కుడి మలుపులే. పడవను ఒక పక్కకే సిద్ధం చెయ్యవచ్చన్నది దీనివల్ల వచ్చే పెద్ద సౌకర్యం. ఫిన్ కుడి పక్కనే ఉంటుంది, చుక్కాని కూడా ప్రొపెల్లర్‌కు కుడిగా జరిగి ఉంటుంది.

గంటకు 48 కిలోమీటర్లతో 12 మీటర్ల వ్యాసార్థంలో తిరిగే పడవ మీద పక్కకు పనిచేసే బలం దాని బరువుకు ఒకటిన్నర రెట్లు. వేగం తగ్గించకుండా 80తోనే తిప్పాలంటే అది నాలుగు రెట్లు దాటుతుంది. మూడు కిలోల పడవకు పన్నెండున్నర కిలోల తూకమంత బలం పక్కనుంచి అందాలి. నీటి మీద జారుతున్న చదునైన అడుగు అంత బలం ఇవ్వలేదు. వీ-అడుగులో వాలిన పక్క కొంత ఇస్తుంది. క్యాటమరాన్‌లో, రిగ్గర్‌లో ఫిన్ ఇవ్వాలి. చుక్కాని పని పడవను పక్కకు తొయ్యడం కాదు, ముక్కును తిప్పి ఫిన్‌కు నీటిని సరైన కోణంలో అందించడం. ఇది గ్రహించనివాళ్లు పడవ తిరగడం లేదని చుక్కానిని ఇంకా ఇంకా వంచుతారు. అది నీటికి అడ్డంగా నిలబడి వేగాన్ని మింగేస్తుంది, లేదా పైనుంచి గాలిని లాక్కుని పట్టు వదిలేస్తుంది.

ఫిన్ ముందంచు కత్తిలా ఉండాలి, ఫిన్ పడవ పొడవుకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. ఒక్క డిగ్రీ మెలితిరిగినా తిన్నటి దారిలో రోజంతా బ్రేకు వేసినట్టే. ముందుకు జరిపితే పడవ ఇరుకుగా తిరుగుతుంది, తొందరపడి తిరుగుతుంది. వెనక్కు జరిపితే స్థిమితంగా, వెడల్పుగా తిరుగుతుంది. ఇక దాని వాలు. కుడి మలుపులో నీరు ఫిన్ ఎడమ ముఖం మీద ఒత్తుతుంది. ఫిన్ కింది కొస పడవ కిందికి, అంటే లోపలికి వంగి ఉంటే, ఆ ఒత్తిడిలో ఒక పాలు కిందికి పనిచేసి కుడి పక్కను నీటికి అదిమి పడుతుంది. కొస బయటికి వంగితే అదే ఒత్తిడి కుడి పక్కను పైకెత్తుతుంది. మలుపు మధ్యలో లోపలి పాదం లేచి, పడవ బయటికి దొర్లుతుంటే ముందు చూడవలసింది ఈ వంపు. రిగ్గర్లలో ఫిన్‌ను ఒంపు తిప్పి చెయ్యడంలోని కిటుకు కూడా ఇదే. నిలువు భాగం పక్కకు పడుతుంది, వంగిన భాగం కిందికి పడుతుంది.

చుక్కాని విషయంలో కొంచెం చాలు అనే గుణమే గెలుస్తుంది. అడ్డకోతలో చూస్తే ముందు పదునుగా, వెనుక మందంగా, మేకులాంటి ఆకారం మేలు. లోతు సరిపోవాలి, వంపు తక్కువగా ఉండాలి. రిమోటులో కుడి పక్క వంపుకు హద్దు పెట్టి, పూర్తిగా తిప్పినా పడవ దొర్లని చోట దాన్ని ఆపాలి. ఎడమకు అంతకన్నా తక్కువే చాలు. చుక్కానిని తిప్పే సర్వో దగ్గర వదులు ఉండకూడదు. చుక్కానిని వేలితో ఊపితే కదిలే ప్రతి మిల్లీమీటరూ నీళ్లలో వంకర గీత గీస్తుంది.

ప్రొపెల్లర్‌కు వస్తే, ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు అమెరికాకు చెందిన ఆక్ట్యూరా. వాళ్ల నంబర్లు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఎక్స్442 అంటే 42 మిల్లీమీటర్ల వ్యాసం, 1.4 పిచ్ నిష్పత్తి. పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు పోవలసిన దూరం, 58.8 మిల్లీమీటర్లు. వోల్టుకు 2,000 చుట్లు తిరిగే మోటారును నాలుగు సెల్‌ల బ్యాటరీ 14.8 వోల్టులతో తిప్పితే నిమిషానికి 29,600 చుట్లు. గుణిస్తే గంటకు 104 కిలోమీటర్లు. బరువు మీద చుట్లు తగ్గడానికి 15 శాతం, నీటిలో జారిపోయినదానికి 15 శాతం తీసేస్తే 75 దగ్గర తేలుతుంది. ఒడ్డున జీపీఎస్‌లో 60 కనబడితే లోపం ప్రొపెల్లర్‌ది కాదు, అడుగు దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

ఒకే నిష్పత్తి ఉన్న ప్రొపెల్లర్ అడిగే శక్తి, చుట్లు అంతే ఉంటే, వ్యాసం అయిదో ఘాతంతో పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల నుంచి 42కి మారడం చూడ్డానికి ఏమీ కాదు, మోటారుకు మాత్రం అది దాదాపు 28 శాతం అదనపు భారం. సెల్ పెంచితే ఇంకా తీవ్రం. శక్తి చుట్ల ఘనంతో పెరుగుతుంది కాబట్టి మూడు సెల్‌ల నుంచి నాలుగుకు మారితే భారం రెండున్నర రెట్లకు చేరువవుతుంది. కాలిపోయిన స్పీడ్ కంట్రోలర్ల వెనుక సాధారణంగా ఉన్న కథ ఇదే. సెల్ పెంచినప్పుడు ప్రొపెల్లర్ తగ్గించాలి. రేసుకు పెద్ద ప్రొపెల్లర్ కన్నా, మలుపులోంచి వెంటనే చుట్లు అందుకునే చిన్నదే మేలని నా అభిప్రాయం.

అచ్చులోంచి వచ్చిన ప్రొపెల్లర్ అలాగే పనికిరాదు. ముందంచులు పదును పెట్టాలి, రెండు రెక్కల తూకం సమం చెయ్యాలి. ఈ ప్రొపెల్లర్లు కొన్ని బెరీలియం కలిసిన రాగితో పోస్తారు. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. పొడిగా రుద్దకుండా నీళ్లు పోస్తూ తడిగా రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి, ఆ నీటిని వంటింటి తొట్టిలో పారబొయ్యకూడదు. దీన్ని నిర్లక్ష్యం చెయ్యొద్దని గట్టిగా చెబుతున్నాను.

మోటారు, బ్యాటరీల గురించి చెప్పుకోవలసింది తక్కువ. బ్యాటరీకీ స్పీడ్ కంట్రోలర్‌కూ మధ్య తీగలు వీలైనంత పొట్టిగా ఉండాలి. పొడవు పెరిగితే వోల్టేజీ అలజడి పెరిగి కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు చస్తాయి. పరుగు అయ్యాక మోటారు వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే వేగం గురించి ఆలోచన మానేసి ప్రొపెల్లర్ తగ్గించండి. మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు బలం చేరవేసే మెలిక తీగ మాత్రం జాగ్రత్తగా చూడాలి. భారం పడ్డప్పుడు అది బిగుసుకుని పొట్టిబడుతుంది. అందుకే స్ట్రట్‌కూ ప్రొపెల్లర్ ముందుండే బిళ్లకూ మధ్య మూడు మిల్లీమీటర్లంత ఖాళీ వదులుతారు. అది వదలకపోతే బిళ్ల స్ట్రట్‌ను రాసుకుంటూ తిరిగి, తినేసిన శక్తి అంతా వేడిగా పోతుంది. గ్రీజు ప్రతి రోజూ మార్చాలి. మన చెరువుల్లో గుర్రపుడెక్క వేరు ఒక్కటి చుట్టుకున్నా ఈ తీగే ముందు తెగుతుంది.

పరీక్షించేటప్పుడు ఒక్కసారికి ఒక్క మార్పు. ఈ మాట అందరూ చెబుతారు, పాటించేవాళ్లు అరుదు. బరువు, స్ట్రట్, ప్రొపెల్లర్ ఒకేసారి మార్చి పడవ బాగుపడితే ఏది బాగుచేసిందో తెలియదు, పాడైతే ఏది పాడుచేసిందో అంతకన్నా తెలియదు. గాలి, అల, బ్యాటరీలో మిగిలిన వోల్టేజీ, మోటారు వేడి పక్కన రాసుకోవాలి. తిన్నటి దారి వేగం ఒక్కటే రాసుకునేవాళ్లు మలుపు లోపల పట్టిన సమయాన్నీ విడిగా కొలవాలి. ఫోను వీడియోలో ఫ్రేములు లెక్కపెడితే సరిపోతుంది. పడవ మలుపులోకి దిగేటప్పుడు ముక్కు ఏం చేసిందో, బయటికి వచ్చేటప్పుడు ప్రొపెల్లర్ చప్పుడు ఎలా మారిందో ఆ వీడియోలోనే తెలుస్తుంది.

తిన్నటి రికార్డు పరుగుల సంగతి వేరు. 330 అడుగుల దూరాన్ని అటూ ఇటూ పరిగెత్తించి, రెండిటి సగటు తీసుకునే ఆ పోటీలో మలుపు ఊసే లేదు. అక్కడ ఫిన్‌ను చిన్నది చేస్తారు లేదా తీసేస్తారు, చుక్కానిని కురచ చేస్తారు, బరువును వెనక్కు నెడతారు, స్ట్రట్‌ను పైకెత్తుతారు, పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్ వేస్తారు. అదే అమరికతో ఓవల్‌లోకి దించితే మొదటి గుర్తు దగ్గరే పడవ తిరగబడుతుంది. రెండు పోటీలూ ఆడేవాళ్లు ఒకే పడవకు రెండు జతల కొలతలు రాసి ఉంచుకుంటారు. గాలి లేచిన రోజున ఓవల్ జతలోనూ బరువును ఐదు మిల్లీమీటర్లు ముందుకు, స్ట్రట్‌ను ఒక మిల్లీమీటరు కిందికి దించి, ప్రొపెల్లర్‌ను ఒక సైజు తగ్గించి బరిలోకి దిగుతారు.